ముప్పై నలుగురి గోత్రనామాలు

మొయినాబాద్,
12 నవంబరు 2007.

చిరంజీవి సౌభాగ్యవతి అరుణశ్రీకి మీ పెద్దమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి కలం ఆపాను. కార్తీక సోమవారం, ఉపవాసం ఉన్నాను. ఇలాంటి రోజున మొదటి వాక్యమే అబద్ధం ఎందుకు?

నాకు ఉత్తరాలు రాసే అలవాటు లేదని నీకు తెలుసు. బడి గుమాస్తాగా హాజరు పట్టీలు, అడ్మిషన్ రిజిస్టరు తప్ప ఇన్నేళ్లలో నా చేత్తో నేను రాసిందేమీ లేదు. చేవెళ్ల ఎంత దూరం, బస్సెక్కితే ముప్పావుగంట. అయినా ఏడో నెల నిండుతున్న నిన్ను మా బడికి పంపమని మీ అత్తగారిని అడగలేను. ఫోన్ చేద్దామంటే అది మీ హాల్లో ఉంటుంది. పక్కనే మీ మామగారు కళ్లు పేపరు మీద పెట్టి చెవులు ఫోను మీద పెడతారు. నా గొంతు సంగతీ నీకు తెలుసు. నేను మెల్లగా చెబుతాను, నువ్వు "ఆఁ? ఎవరి బిడ్డ పెద్దమ్మా?" అని అరుస్తావు. ఇది ఒక ఆడపిల్ల సంగతి. అందుకని ఇన్నాళ్లకు కలం పట్టాను.

మా పదో తరగతి దీక్షిత గుర్తుందా? గండిపేట దాకా కంపెనీలు వచ్చేశాయి, మన పిల్లలు ఇంటర్నెట్‌లో మోసపోకుండా ఉండాలి అని హెడ్మాస్టరు వెంకటయ్య సారు జూలైలో, కాలేజీలో కంప్యూటర్ చెప్పే నిన్ను పిలిపించి పాఠం చెప్పించారు కదా. అప్పుడు ముందు బెంచీలో కూర్చుని, నువ్వు దగ్గింది తప్ప మిగతాదంతా రాసుకున్న పిల్ల. కూరగాయల తోట మాణిక్యం కూతురు. వారం రోజులుగా బడికి రావడం లేదు. తండ్రి మాన్పించాడు.

నేను వాళ్లింటికి వెళ్లాను. పట్నం నుంచి ఎవడో మాణిక్యం సెల్లుకు ఫోన్ చేసి, మీ అమ్మాయి మా కంప్యూటర్ కోర్సుకు ఎంపికైంది, ఆమెకు ఇవ్వండి, మాట్లాడాలి అన్నాడట. ఒకసారి కాదు, మూడుసార్లు.

"అక్కా, నా బిడ్డ పుట్టిన తారీఖు నాకే యాదికుండది. వాడు టకటక చెప్పిండు. నా పేరు చెప్పిండు, బడి పేరు చెప్పిండు. ఇది చెప్పకుంటే వానికెట్ల తెల్సు?" అన్నాడు మాణిక్యం.

"నేనెవ్వనితోని మాట్లాడలే బాపూ" అంది దీక్షిత. ఆ ఒక్క మాటే.

"ఇగ సదివింది సాలు" అని ఆయన తోటకు వెళ్లిపోయాడు.

డిసెంబరు పదిహేనుకల్లా పరీక్షకు పంపే పేర్ల జాబితా వెళ్లిపోవాలి. బడికి రాని పిల్ల పేరు ఎట్లా రాయను అంటున్నారు సారు. క్లాసులో మొదటి పిల్ల, అరుణా. రోజూ ఆ పేరు ఎదురుగా గైర్హాజరు వేసే చెయ్యి నాదే. ఏం చేయాలో రాయి.

నీ పెద్దమ్మ,
నిర్మల.

తా.క.: నువ్వు చెప్పినవన్నీ నేనూ పాటిస్తున్నాను. ఎప్పటికప్పుడు మారుస్తూ ఉండాలి, ఎవరికీ చెప్పకూడదు అన్నావు కదా. అది పాస్‌వర్డు గురించని దీక్షిత తర్వాత చెప్పింది. అప్పటికే నేను బడి బీరువా తాళంచెవి నాలుగు చోట్లకు మార్చాను. మూడో చోటు వరకు గుర్తుంది.


చేవెళ్ల,
15 నవంబరు 2007.

పూజ్యురాలైన పెద్దమ్మకు అరుణశ్రీ నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి మా అత్తమ్మ ఎవరికో ఏదో అయిందనుకుని ముందే కాఫీ కలిపి ఇచ్చింది. చదివాక నిజంగానే కూర్చుండిపోయాను.

దీక్షిత అలాంటి పిల్ల కాదు. తప్పు ఆమెది కాదని మాణిక్యం బాబాయికి గట్టిగా చెప్పు. నీకు గట్టిగా చెప్పడం రాదు కాబట్టి రెండుసార్లు చెప్పు.

నాకు అనుమానం ఆ ఇంటర్నెట్ సెంటరు మీద. మీ బడి ఎదురుగా నర్సింహులు పెట్టాడే, అది. అక్కడికి వెళ్లిన ప్రతివాడూ ఒక పుస్తకంలో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయాలి కదా. ఆ పుస్తకం బల్ల మీద ఎవరికి కావాలంటే వాళ్లకు తెరిచి ఉంటుంది. అందులోంచి ఎవరో ఎత్తి రాసుకుని ఉంటారు. పిల్లలను అక్కడ అసలు పేర్లు రాయవద్దని చెప్పు. నా తరఫున ప్రార్థనలోనే చెప్పు, అందరూ ఉంటారు.

భయపడకు. నేను ఆలోచిస్తున్నాను.

నీ బిడ్డ,
అరుణశ్రీ.

తా.క.: కవరు అన్నం మెతుకులతో అంటించావా? అందులో సగం ఉత్తరం కూడా అంటుకుంది. "తప్ప మిగతాదంతా" అన్నదానికి ముందు చిరిగింది. ఆ పిల్ల ఏం తప్ప అన్నీ రాసుకుందో అర్థంకాక అరగంట బాధపడ్డాను.


మొయినాబాద్,
22 నవంబరు 2007.

చిరంజీవి అరుణకు దీవెనలు. నీ ఆరోగ్యం జాగ్రత్త. ఇది చదివేటప్పుడు నవ్వు వస్తే నవ్వుకో, కానీ నాకు రావడం లేదు.

నువ్వు చెప్పినట్టే శుక్రవారం ప్రార్థన అయ్యాక పిల్లలకు చెప్పాను, నర్సింహులు కొట్లో అసలు పేర్లు రాయకండి అని. వెనక వరుసలోంచి ఎవరో "మరి ఎవరి పేరు రాయాలె పెద్దమ్మా?" అని అడిగారు. నేను ఆలోచించకుండా, ఎవరైనా పెద్దవాళ్ల పేరు రాయండి అనేశాను.

పిల్లలకు తెలిసిన పెద్దాయన ఎవరు? వెంకటయ్య సారు.

మంగళవారం కానిస్టేబులు తనిఖీకి వచ్చి నర్సింహులు దగ్గర ఆ పుస్తకం తిరగేశాడు. తర్వాత నేరుగా మా బడికి వచ్చాడు. సారు కుర్చీ చూపించారు. ఆయన కూర్చోలేదు.

"వెంకటయ్య అంటే మీరేనా సార్?"

"నేనే. ఏంది సంగతి?"

"శనివారం ఒక్కరోజే పద్నాల్గు సార్లు పోయిండ్రు ఇంటర్నెట్‌కు. ఏం పని పడ్డది?"

"నేనా? నేను ఆ మౌసు పట్టుకుంటె చెయ్యి వణుకుతదయ్యా!"

"వణికితె మూడు కంప్యూటర్ల కాడ ఒక్కటే టైముల ఎట్ల కూసున్నరు సార్? పని అన్నకాడ కార్ల పందెం ఆట అని రాసిండ్రు. వయసు ఒకకాడ యాభై ఆరు, ఒకకాడ పదిహేను."

సారు నా వైపు చూశారు. నేను ఒప్పుకున్నాను. ఆయన కానిస్టేబులుకు తనే సర్దిచెప్పి పంపారు. అది ఇంకా బాధ. తిట్టేవాళ్లయితే వినేసి మరిచిపోవచ్చు.

ఇదంతా నవ్వులాటతో పోయేది. కానీ ఊళ్లో మాట ఎట్లా తిరుగుతుందో నీకు తెలుసు. బడి పిల్లలు దొంగ పేర్లు పెట్టుకుని ఇంటర్నెట్‌కు పోతున్నారట, ఆ పెద్దమ్మే నేర్పిందట అని మాణిక్యం చెవిన పడింది. ఆయన నన్ను బస్టాండు దగ్గర చూసి ఆగాడు.

"దొంగ పేర్లు ఎందుకు పెట్టుకుంటరక్కా? దొంగ పనికే గద. నాకు అర్థమైంది. నువ్వు మంచిదానివే, కానీ నా బిడ్డ సంగతిల రాకు."

దీక్షితను మన జిల్లా ప్రొద్దుటూరులో అమ్మమ్మ దగ్గరకు పంపేస్తాడట, నెల తిరిగేలోపు. చుట్టపుచూపుగా కాదు, ఉండిపోవడానికే. పుస్తకాలు కట్ట కట్టి పక్కింటి వాళ్లకు ఇచ్చేశాడు.

ఒక పిల్లను కాపాడబోయి ఇంకా లోతుకు తోశాను.

నీ పెద్దమ్మ,
నిర్మల.

తా.క.: బస్సులో పక్కనామె అలవాటు ప్రకారం "ఏ ఊరు, ఎవరి బిడ్డవు, ఎంతమంది పిల్లలు" అని అడిగింది. తెలియని వాళ్లకు ఇంటి వివరాలు చెప్పొద్దన్నావు కదా, చెప్పలేదు. ఇంట్లోంచి వెళ్లగొడితే వచ్చేశాననుకుని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. రెండు అరటిపళ్లు ఇచ్చి, చిలుకూరు దాకా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది.


చేవెళ్ల,
25 నవంబరు 2007.

పెద్దమ్మకు నమస్కారాలు.

తప్పు నీది కాదు, నాది. సరిగ్గా ఆలోచించకుండా సలహా ఇచ్చాను. మన వివరాలు చెప్పకపోవడం వేరు, ఇంకొకరి పేరు వాడుకోవడం వేరు. ఆ తేడా పిల్లలకు చెప్పకుండా సగం మాట నీ చేత చెప్పించాను. వెంకటయ్య సారుకు వేరే క్షమాపణ ఉత్తరం రాశాను.

ఇప్పుడు ఒక్క పని చేయి. ఇలాంటి ఫోన్ దీక్షిత ఇంటికి ఒక్కదానికే వచ్చిందా, ఇంకెవరికైనా వచ్చిందా కనుక్కో. ఒక్క పిల్లకే వస్తే మాణిక్యం బాబాయి అనుమానం మనం తీర్చలేం. పదిమందికి వస్తే, ఎక్కడో జాబితా దొరికింది అని అర్థం. అప్పుడు ఆ పిల్ల తప్పు లేదని రుజువు చేయవచ్చు. నెమ్మదిగా అడుగు. ఎవరినీ నిందించకు.

నీ బిడ్డ,
అరుణశ్రీ.

తా.క.: నీ ఉత్తరాలు వచ్చిన రోజు మా మామయ్య "మీ పెద్దమ్మ ఏం రాసింది?" అని మూడుసార్లు అడిగారు. కార్తీక పురాణం రాసి పంపుతోందని చెప్పాను. మూడో అధ్యాయం ఎప్పుడొస్తుందని ఎదురుచూస్తున్నారు.


మొయినాబాద్,
2 డిసెంబరు 2007.

చిరంజీవి అరుణకు దీవెనలు.

వారం రోజులు సాయంత్రం సాయంత్రం ఇల్లిల్లూ తిరిగాను. కాళ్లు వాచాయి కానీ, నువ్వు అనుకున్నది నిజం. ఫోన్ అందరికీ వచ్చింది!

మరి ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు చెప్పలేదంటావా? చెప్పారు. మనమే వినలేదు. మగపిల్లల ఇళ్లలో అది పండగ. అంజిలయ్య అయితే గల్లీ అంతా లడ్డూలు పంచాడు.

"మా రాకేష్‌కు కంపెనీ ఫోన్ జేసింది అక్కా! పది కాకముందే! వాని పుట్టిన తారీఖు సుద్దా చెప్పిండ్రు. ఎంత ఎంక్వయిరీ జేసి ఉంటరు, ఊకెనే జేస్తరా?"

అదే ఫోన్, అదే మాట, అరుణా. ఆ ఇంట్లో లడ్డూ, ఈ ఇంట్లో తాళం.

మిగతా ఆడపిల్లల ఇళ్లలో ఎవరూ నోరు విప్పలేదు. ధనమ్మ "మాకేం రాలే, మాకేం రాలే" అంటూనే ఉంది, ఇంతలో బియ్యం డబ్బాలోంచి సెల్లు మోగింది. అప్పుడు ఏడ్చింది. మాణిక్యం ఇంటి సంగతి చూసి భయపడి దాచిందట.

ఒక్క స్వామిదాసు అన్న మాత్రం నవ్వుతూ చెప్పాడు. "ఫోన్ల వాడు నన్ను, మీరు శివగోత్రం గదా సార్ అన్నడమ్మా. నేను ఆదివారం ఆదివారం చర్చికి పోయేటోణ్ణి. ఈ గోత్రం ఎవరు తగిలిచ్చిండ్రో నాకు!" అని. నేనూ నవ్వాను. ఎందుకో ఇంటికొచ్చాక ఆ నవ్వు నిలవలేదు. అలసట అనుకున్నాను.

ఇవన్నీ మాణిక్యానికి చెప్పాను. "మగపిలగాళ్ల సంగతి వేరు" అన్నాడు. "అందరి పేర్లు వాని కాడికి ఎట్ల పోయినయో చెప్పు, అప్పుడు ఇంట. ఎవరో ఒకరు ఇచ్చే ఉంటరు గద. నా బిడ్డ కాదని నువ్వెట్ల చెప్తవు?"

పదిహేనో తేదీ దగ్గర పడుతోంది.

నీ పెద్దమ్మ,
నిర్మల.

తా.క.: ఈ ఆటంకాలన్నీ ఎందుకు వస్తున్నాయో నాకు ఒకటి తోస్తోంది. దసరా సెలవులకు ముందు నర్సింహులు కొట్లో, కంప్యూటర్‌లోనే, మా పదో తరగతి ముప్పై నలుగురి పేర పరీక్షల కోసం అర్చన చేయించాను. అప్పట్లో అక్కడ ఎవరో భక్తులు గోడకు కాగితం అంటించి వెళ్లారు, విద్యార్థులకు ఉచిత అర్చన అని. ప్రసాదం పోస్టులో వస్తుందన్నారు. ఇంతవరకు రాలేదు. ప్రసాదం అందక పూజాఫలం ఆగిందేమో. నువ్వు కంప్యూటర్ తెలిసినదానివి, ఆ దేవస్థానం వాళ్లకు ఒక మాట రాయగలవా?


చేవెళ్ల,
5 డిసెంబరు 2007.

పెద్దమ్మా,

ముందు ఏదైనా తిను. తిన్నాకే ఇది చదువు.

ఆ అర్చన ఫారంలో ఏమేం రాయించావు? పేర్లు, తండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు, గోత్రాలు, ఫోన్ నంబర్లు, ఇవేనా? స్వామిదాసు పెదనాన్నకు గోత్రం రాసింది ఎవరు?

పెద్దమ్మా, అది దేవస్థానం కాదు. నిన్న కాలేజీ కంప్యూటర్‌లో వెతికించాను. ఆ పేరుతో గుడి ఎక్కడా లేదు. దేవుడి బొమ్మ పెట్టి పిల్లల వివరాలు పోగుచేసే మనుషులు వాళ్లు.

నిన్ను నేను ఏమీ అనను, అనలేను. జూలైలో నేను తెలియని వాళ్లకు చెప్పొద్దు అన్నాను. దేవుడు నీకు తెలియనివాడు కాదు కదా. దొంగ మనకు బాగా తెలిసిన ముఖం పెట్టుకునే వస్తాడని నేను చెప్పి ఉండవలసింది. ఆ రోజు గంట కొట్టేశారని పాఠం తొందరగా ముగించాను.

ఆ కానిస్టేబులుకే ఈ సంగతి చెప్పు. మాణిక్యం బాబాయికి ఎలా చెబుతావో నాకు తోచడం లేదు. నన్ను రమ్మంటే వస్తాను, ఎవరేమన్నా వస్తాను.

అరుణ.

తా.క.: మా మామయ్యకు నిజం చెప్పేశాను. పురాణం కన్నా ఇదే బాగుందన్నారు, తర్వాత పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన కూడా అదే అర్చన మా మరిది పేర చేయించారట.


మొయినాబాద్,
12 డిసెంబరు 2007.

చిరంజీవి అరుణకు దీవెనలు.

నువ్వు రావద్దు. నేను చేసింది నేనే చెప్పుకున్నాను. ఎట్లా జరిగిందో వరుసగా రాస్తాను.

తెర మీద అమ్మవారు, పక్కన దీపం ఊగుతోంది, గంట మోగుతోంది. నేను చెప్పులు బయట విడిచి కూర్చున్నాను. అడ్మిషన్ రిజిస్టరు ఒళ్లో పెట్టుకున్నాను. పుట్టిన తేదీలను బట్టి పంచాంగం చూసి ముప్పై నలుగురి నక్షత్రాలు ముందే కట్టి తెచ్చుకున్నాను. గోత్రం తెలియని వాళ్లకు గుళ్లో అయ్యవారు చెప్పినట్టే శివగోత్రం అన్నాను. స్వామిదాసు కొడుకును వదలడానికి మనసొప్పలేదు. పరీక్ష అందరికీ ఒకటే కదా. రెండు మధ్యాహ్నాలు పట్టింది. అంత భక్తిగా నేను ఏ పనీ చేయలేదు.

నాకు ఆ మీటలు నొక్కడం రాదు. టైపు చేసింది దీక్షిత.

అవును. దీక్షితే. ఫోన్ నంబరు గడి రాగానే ఆ పిల్ల చెయ్యి తీసేసింది. "పెద్దమ్మా, నంబరు అడిగితె ఆగాలె అన్నది అరుణశ్రీ మేడం. వద్దు" అంది. నీ పాఠం ఆ పిల్లకు పూర్తిగా వచ్చింది. రానిది నాకు. "గుళ్లో గోత్రం అడిగితే ఎందుకని అడుగుతామా? దేవుడి దగ్గర దాపరికం పాపం" అన్నాను. నేను గొంతు పెంచి మాట్లాడింది జీవితంలో ఆ ఒక్కసారే అనుకుంటాను. ముప్పై మూడు నంబర్లు కొట్టి, తనది ఖాళీగా వదిలింది. నీ ఒక్కదానికే అర్చన అందకుండా పోతుందని పట్టుబట్టి అదీ కొట్టించాను.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే మాణిక్యం ఇంటికి వెళ్లాను. దీక్షిత తల్లి గోపమ్మ, ఇరుగుపొరుగు అందరూ ఉన్నారు. మొత్తం చెప్పాను. మాణిక్యం నన్ను వదిలి కూతురి వైపు తిరిగాడు.

"నీకు తెల్సు గద. తెల్సి నెల రోజులు నా మాటలన్నీ పడ్డవు. ఎందుకు చెప్పలేవే?"

"చెప్తె పెద్దమ్మను బడిల నుంచి తీసేస్తరు బాపూ" అంది. "బడి వెనక గది తప్ప ఆమెకు ఇల్లెక్కడుంది? నువ్వు నన్ను తిట్టినా ఇంట్ల ఉంచుకుంటవు. ఆమెనెవరుంచుకుంటరు?"

అరుణా, నేను ఇల్లిల్లూ తిరిగి దొంగను వెతుకుతుంటే, పదిహేనేళ్ల పిల్ల నన్ను దాచి కూర్చుంది. తనను ఆయన ఏం అంటున్నా, పేరు చెప్పకూడదన్న నియమం తను పాటించింది. నా పేరు.

గోపమ్మ నా చేతికి మంచినీళ్లు ఇచ్చింది. మాణిక్యం పక్కింటికి వెళ్లి పుస్తకాల కట్ట తెచ్చి గడపలో పెట్టాడు. "రేపు పోతది" అన్నాడు. నాతో కాదు, కట్టతో అన్నట్టు.

తెల్లవారి ప్రార్థనలో పిల్లలందరి ముందు నా తప్పు చెప్పాను. వెనక వరుసకు వినబడలేదంటే రెండోసారి చెప్పాను. సారు నన్ను తీసేయలేదు. అడ్మిషన్ రిజిస్టరు మాత్రం తన బీరువాలో పెట్టుకున్నారు. న్యాయమే. కానిస్టేబులుకు అన్నీ రాయించాను. అందరి ఇళ్లకూ వెళ్లి, ఆ ఫోన్లు ఎత్తొద్దని చెప్పాను. అంజిలయ్య "లడ్డూలు పంచినోనికి ఏం జెప్పాలె అక్కా ఇప్పుడు? తిరిగి అడుగుతమా?" అన్నాడు. కోపం కన్నా సిగ్గే ఎక్కువ ఉంది ఆయన గొంతులో.

జాబితాలో దీక్షిత పేరు ఎక్కింది. పిల్ల రోజూ వస్తోంది, నన్ను పెద్దమ్మా అనే పిలుస్తోంది. నేనే తన కళ్లలోకి చూడలేకపోతున్నాను. పోయిన నెల రోజుల గైర్హాజరు అట్లాగే ఉంది. నా చేత్తో వేసినవి, కొట్టేయడానికి లేదు.

ఇప్పుడు పూజలో పిల్లల పేర్లు విడివిడిగా చదవడం లేదు. పిల్లలు అంటున్నాను, అంతే. అమ్మవారికి తెలియని పిల్లలా?

నీ పెద్దమ్మ,
నిర్మల.

తా.క.: వచ్చే ఏడు బిడ్డను ఎత్తుకుని మళ్లీ మా పిల్లలకు పాఠం చెప్పడానికి వస్తావు కదా. అప్పుడు నా తప్పు చెప్పు, నా పేరు పెట్టే చెప్పు. నవ్వితే నవ్వనీ, నవ్వుతో విన్నది గుర్తుంటుంది. కానీ దీక్షిత ఊరుకున్న సంగతి మాత్రం చెప్పకు. పెద్దవాళ్ల తప్పుకు పిల్లలు అట్లా నోరు మూసుకోవడం మంచిదని ఏ పిల్లా నేర్చుకోకూడదు. ఈ కాగితాలు పారేయకు, నీ దగ్గరే ఉంచు. ఎవరికీ చూపకు.